ఇంటర్వ్యూ దాకా సలహాలు బంద్

జూన్ 8, ఆదివారం

ప్రవేశ పరీక్ష పాస్! స్కూల్ సైకాలజీలో పీహెచ్‌డీ! ఇక మిగిలింది ఇంటర్వ్యూ ఒక్కటే. పద్దెనిమిదో తారీఖు, పొద్దున పదకొండుకు, ఆన్‌లైన్లో.

కొత్త డైరీ. కొత్త పెన్ను. కొత్త ఋతుజ.

సాయంత్రం సారికక్క ఉత్తుత్తి ఇంటర్వ్యూ చేసింది. జోడ్‌భావి పేట్‌లో మా గల్లీ నుంచి పీహెచ్‌డీలో చేరిన మొదటి మనిషి ఆమె. అందుకే ఆమె చెప్పుల చప్పుడు కూడా డాక్టరమ్మలా ఉంటుంది. ఈ ఆటలో ఆమె బడికి రానని మొండికేసిన పిల్ల. నేను బడి సైకాలజిస్టుని.

"టీచరమ్మా, నాకు బడి అంటే..." అంది అక్క.

"భయమా? భయమెందుకు! పొద్దున్నే లేచి నాలుగు బాదం పప్పులు తిని..." అన్నాను.

అక్క చేయి అడ్డం పెట్టింది.

"నా మాట అయిందా?"

"లేదక్కా."

"మరి బాదం పప్పు యాడికెల్లి వచ్చిందే? నువ్వు ఇనవు రుతూ. సలహాల కార్ఖానా నువ్వు. రెండు షిఫ్టులు నడుస్తవ్. గిట్లనే పోతే వాళ్లు సీటు ఇయ్యరు, దండం పెట్టి సాగనంపుతరు."

అవమానం! కానీ నిజం. కాబట్టి ఇదిగో, నా చేతులతో రాస్తున్నాను:

తీర్మానం: ఇంటర్వ్యూ దాకా ఎవరికీ సలహా ఇవ్వను. వింటాను. అంతే.

ఈరోజు మాట: సంయమనం. నాలుక మీద పెట్టుకుంటే పిప్పరమెంటులా చల్లగా ఉంది.

జూన్ 9, సోమవారం

మొదటి రోజు. అద్భుతం!

పుస్తకంలో ఒక పద్ధతి ఉంది. ఎదుటివాళ్లు ఏం చెప్పినా అందులోని బాధను పట్టుకుని తిరిగి వాళ్లకే వినిపించాలట. దానికి నేను "అద్దపు వినికిడి" అని పేరు పెట్టాను. పేరు పెట్టాక సగం వచ్చేసినట్టే అనిపించింది.

ఉదయం, వంటింట్లో, అమ్మ మీద:

"గ్యాస్ అయిపోవట్టింది. మీ బాపుకు ఎన్నిసార్లు చెప్పినా ఇనడు."

"అంటే అమ్మా, నీ మాటను ఎవరూ పట్టించుకోవడం లేదని నీకు అనిపిస్తోంది."

అమ్మ గరిటె పట్టుకుని ఇటు తిరిగింది. "అనిపించుడేంది? గ్యాస్ అయిపోవట్టింది. పోయి సిలిండర్‌కు నంబర్ పెట్టు."

పెట్టాను. సలహా ఇవ్వలేదు. విజయం!

మధ్యాహ్నం, వాకిట్లో, నాయనమ్మ మీద. మా నాయనమ్మ చంద్రభాగ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"మోకాళ్లు గుంజుతున్నయే."

"మోకాళ్లు గుంజుతున్నాయన్నమాట."

"నేనదే కదా అన్న. చెవుడొచ్చిందా పోరీ?"

ఫర్వాలేదు. గొప్ప పద్ధతులు మొదట్లో ఎవరికీ అర్థం కావు.

జూన్ 10, మంగళవారం

ముఖ్యమైన విషయం. మా ఇంటి గోడ అవతలే గోవర్ధన్ పెద్దబాపు కార్ఖానా. బాపుకు సొంత అన్న. బాపు కూడా ఆ మగ్గాల మీదే పని. టవళ్లు, చద్దర్లు. పొద్దున మొదలైతే రాత్రి దాకా గోడ వణుకుతూనే ఉంటుంది. మాకు ఆ చప్పుడు వినిపించదు. ఆగితే వినిపిస్తుంది. చిన్నప్పుడు కరెంటు పోతే మా వాడ పిల్లలంతా ఉలిక్కిపడి లేచి ఏడ్చేవాళ్లట.

కానీ విశ్వవిద్యాలయం వాళ్లకు వినిపిస్తుంది కదా! ఇంటర్వ్యూ సాగినంతసేపు మగ్గాలు ఆపమని అడగడానికి పిలుపు ఉత్తరం పట్టుకుని వెళ్లాను.

"నువ్వే సదువు. కళ్లజోడు ఇంట్ల మర్చిన," అన్నాడు పెద్దబాపు.

చదివాను.

"మగ్గాలు ఆపుడంటే నీళ్ల నల్లా బంద్ చేసుడనుకున్నవా? కార్ఖానా సుట్టి ఉన్న నాడు పెట్టుకొమ్మను."

"వాళ్లు ఇనరు పెద్దబాపూ."

"నువ్వు ఇంటవా?"

"ఈ నడుమ ఇంటున్న."

ఆయన మీసంలో నవ్వాడు. "సరే, ఆపుత. గని షర్తు. సీటు వచ్చిందనుకో, వాడంత జిలేబీ పంచుత. రాలేదనుకో, జూలై ఒకటికి వచ్చి దుకాణంల కూసోవాలె. బిల్లులు చూసే గుమాస్తా పని ఇడిసి పోయిండు. ఇంట్ల మనిషి ఉంటే మంచిగుంటది."

బాపు పక్కనే ఉన్నాడు. అన్న ముందు బాపు నోరు తెరవడు. నేనే తెరిచాను. ఒప్పుకున్నాను.

టవళ్ల మీద నాకేం కోపం లేదు. కానీ పోయినేడు శిక్షణ కోసం ఇక్కడి మరాఠీ బడికి వెళ్లినప్పుడు మా తెలుగు వాడ పిల్లను ఒకదాన్ని చూశాను. మరాఠీలో అంకెలు అడిగితే తెలుగులో చెప్పింది. సరిగ్గానే చెప్పింది. "మొద్దు" అన్నారు టీచరు. నలభై మంది పిల్లలు సాయంత్రానికల్లా ఆ పేరుతోనే పిలిచారు. ఆ మాట అంటించడం ఎంత తేలిక! ఊడదీయడానికి మాత్రం బడికో మనిషి కావాలి. ఆ మనిషి నేను కావాలి. టవళ్లకు ఎవరో ఒకరు దొరుకుతారు.

ఈరోజు మాట: షర్తు. పలికితే తలుపు వేసినట్టుంది.

జూన్ 12, గురువారం

చిన్న సంఘటన. దీన్ని ఓటమి అనకూడదు.

పక్కింటి గంగుబాయి పెద్దమ్మ వచ్చింది. "నా మేక రెండొద్దుల నుంచి ఆకు ముడ్తలేదే," అంది.

"దానికి ఆందోళన పెద్దమ్మా. నువ్వు రెండో మేకను తెచ్చినవు కదా, తన జాగ పోతదని దాని భయం. రెండిటినీ వేరేవేరే కట్టేయి, మొదటిదాన్ని ముందు పలకరించు," అన్నాను.

సగం రోగనిర్ధారణ, సగం సూచన. నిఘంటువు చూశాను. సూచన వేరు, సలహా వేరు. ఇంకా సలహా కిందికి రానివి:

హెచ్చరిక.
గుర్తుచేయడం.
మేకలకు సంబంధించినవన్నీ.

రాత్రికి మేక తిన్నదట. అంటే నిర్ధారణ సరైనదే!

జూన్ 13, శుక్రవారం

శుభమ్ పెద్దబాపు కొడుకు. కార్ఖానాలో మగ్గాలు చూస్తాడు. బాపుకు టిఫిన్ ఇవ్వడానికి వెళ్తే చేయి పట్టి ఆపాడు. మగ్గాల మధ్య మాట వినపడదు. మా వాడలో అందరం పెదవులు చూసి మాట్లాడుకుంటాం. ఎవరూ నేర్పరు, పళ్లు వచ్చినట్టు వస్తుంది.

వాడి పెదవులు చెప్పినవి: ప్రాజక్త అనే అమ్మాయి. బస్సులో. కుంభారి నుంచి వస్తుంది. మూడు నెలలుగా ఒకే సీటు వెనక నిలబడుతున్నాడు. ఇంకా పేరు తప్ప ఏమీ తెలియదు. ఆ పేరు కూడా ఆమె టిఫిన్ డబ్బా మీద చదివాడు.

నేను అంతా చూశాను. తల ఊపాను. ఒక్క ముక్క అనలేదు. ఆ చప్పుడులో సలహా ఇవ్వాలంటే గొంతు చిరిగిపోతుంది. అందుకని ఇది లెక్కలోకి రాదు. చేతులు కట్టేసినవాడు దొంగతనం చేయలేదంటే గొప్పేముంది?

వాడు మాత్రం చాలా తేలికపడ్డట్టు కనిపించాడు. ఎందుకో.

జూన్ 14, శనివారం

శుభమ్ టీ తాగడానికి బయటికి వచ్చాడు. బయట మాట వినపడుతుంది.

సలహాలు ఇచ్చాను. ఎన్ని అని రాయడం లేదు. చొక్కా రంగు దాకా వెళ్లాయి.

"నిన్న మంచిగుంటివి కదనే," అన్నాడు వాడు, టీ సగంలో వదిలేసి.

జూన్ 15, ఆదివారం

సెలవు. వారమంతా కష్టపడ్డవాళ్లకు ఒక రోజు సెలవు ఉండాలి. మగ్గాలకే ఉంది.

అమ్మకు: పప్పులో ఉప్పు గురించి. బాపుకు: అన్న ముందు నోరు తెరవడం గురించి. నాయనమ్మకు: మోకాళ్లకు మెంతులు. గల్లీలో క్రికెట్ ఆడే పిల్లలకు: ఓటమిని స్వీకరించడం గురించి. వాళ్లు బంతి నా వైపే కొట్టారు.

ఈరోజు మాట: రాయను. మాటలే నా కొంప ముంచుతున్నాయి.

జూన్ 17, మంగళవారం

రేపే! ఇప్పటిదాకా జరిగింది సన్నాహం మాత్రమే. అసలు తీర్మానం ఇంటర్వ్యూలో పాటించాలి. అక్కడ ఎవరేమన్నా నోరు తెరవను. పెద్దబాపుకు మరోసారి గుర్తుచేశాను. (గుర్తుచేయడం సలహా కాదు.)

"పదకొండుకు బంద్ పెడ్త. పొయ్యి పండుకో," అన్నాడు.

జూన్ 18, బుధవారం

రాయాలా? రాస్తాను.

పదకొండు. కుర్చీ, గోడ, ల్యాప్‌టాప్, ఇస్త్రీ కుర్తా. తెర మీద ముగ్గురు. జలుబుతో ఒక మేడమ్, బట్టతల సారు, కెమెరా కట్టేసిన మూడో మనిషి. గోడ అవతల మగ్గాలు ఆగాయి.

నిశ్శబ్దం! పనిరోజున ఇంత నిశ్శబ్దం మా ఇంట్లో ఎప్పుడూ వినలేదు. నల్లా కారుతోంది. ఫ్యాను మూలుగుతోంది. నా గుండె చప్పుడు నాకే అసభ్యంగా ఉంది.

"పిల్లలతో వాళ్ల ఇంటి భాషలో పనిచేస్తానని రాశారు. మనసు పెట్టి వినడాన్ని మీ తెలుగులో ఏమంటారు?" సారు మరాఠీలో అడిగారు.

"సక్రియ శ్రవణం" అన్నాను. "అవధాన శ్రవణం" అన్నాను. చివరికి "అద్దపు వినికిడి" కూడా అన్నాను.

"మీ నాయనమ్మ గారు ఈ మాటలు వాడతారా?"

నేను కుర్తా మడత సర్దుకున్నాను.

తర్వాత మేడమ్ అన్నారు, "నేను ఎవరితోనూ మాట్లాడని పిల్లను అనుకోండి. నా పక్కన కూర్చోండి." అని తల దించేశారు.

నేను కూర్చున్నాను. ఆమె మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. నల్లా కారింది. ఫ్యాను మూలిగింది. భరించలేకపోయాను! నోరు దానంతట అదే తెరుచుకుంది. బాదం పప్పు కూడా వచ్చింది.

సరిగ్గా అప్పుడు వీధి తలుపు దబ్బున తెరుచుకుంది.

"అయ్యో దేవా! ఎవరు పోయిండ్రే?" గంగుబాయి పెద్దమ్మ. వెనక వాడ సగం.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వాడలో కరెంటు ఉండగా పనిరోజు మధ్యలో మగ్గాలు ఆగాయంటే ఒకటే అర్థం. ఆ కార్ఖానా వాళ్ల ఇంట్లో ఎవరో పోయారు. నాకు తెలుసు. పెద్దబాపుకు తెలుసు. పుట్టినప్పటి నుంచి తెలుసు. ఇద్దరికీ గుర్తు రాలేదు! ఆయన ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఇన్నాళ్లూ అందరికీ అన్నీ చెప్పినదాన్ని!

పెద్దవయసు ఎవరిదని లెక్క వేసుకుని అందరూ నాయనమ్మ మంచం వైపు నడిచారు. వాకిట్లో బీడీలు చుడుతున్న నాయనమ్మ లేచి వాళ్ల వెనకే వచ్చింది.

"ఎవరు పోయిండ్రు?" అని ఆమె కూడా అడిగింది.

"నువ్వే అనుకున్నం అత్తా," అంది గంగుబాయి పెద్దమ్మ, చేతిలో పూలదండతో.

"దండ ఇటియ్యి. దేవుని పటానికి పెడ్త. ఇంకెన్నడన్న మళ్లొకటి తేపో."

తెర మీద మేడమ్ తుమ్మారు. వాడంతా తెర వైపు తిరిగింది.

"పడిశం పట్టిందా బాయీ? వాము ఆవిరి పట్టు." "ఆవిరితోని ఏమైతది, మిరియాల కషాయం తాగుమను." "చల్లగాలిల కూసోవద్దమ్మా." నాయనమ్మ బట్టతల సారును దగ్గరగా చూసి, "ఈనెకు పెండ్లి అయినట్టే ఉన్నది," అంది.

వాళ్లను ఆపాల్సింది నేను.

"తులసి కూడా వెయ్యండి మేడమ్," అన్నాను.

సమయం అయిపోయింది. కెమెరా కట్టేసిన మూడో మనిషి నవ్వు మాత్రం కాసేపు వినిపించింది.

జూన్ 19, గురువారం

లేవలేదు.

సాయంత్రం నాయనమ్మ మంచం దగ్గర కూర్చుని తన పెళ్లినాటి కథ చెప్పింది. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

"ఊఁ కొట్టవేందే? గోడకా చెప్పుతున్న?"

లేచి కూర్చున్నాను.

ఊఁ కొట్టడం! సారు అడిగిన మాట ఇదే! నాయనమ్మ నోట్లో పుట్టినప్పటి నుంచి ఉంది. నేను నిఘంటువుల్లో వెతికాను. దిండుతో నా మొహం నేనే మూసుకున్నాను.

జూన్ 30, సోమవారం

ఫలితం: మొదటి జాబితాలో లేను. వెయిటింగ్‌లో మొదటి పేరు. ఈరోజు ఇంకో మెయిల్: ఎంపికైన ఒకరు చేరలేదు, జూలై ఎనిమిదిన వెయిటింగ్ వాళ్లకు మళ్లీ ఇంటర్వ్యూ!

కానీ రేపే జూలై ఒకటి.

కార్ఖానా గేటు దగ్గర పెద్దబాపును పట్టుకున్నాను. వారం ఆగమన్నాను. విద్యాహక్కు, స్త్రీవిద్య, వంశగౌరవం, అన్నీ వాడాను.

"మాట అంటే మాట," అని ఆయన లోపలికి నడిచాడు.

నేనూ లోపలికి వెళ్లాను. చప్పుడులో నా దగ్గర మాటలు మిగల్లేదు. నూలు కండెల పెట్టె మీద కూర్చున్నాను. ఆయన ఎదురుగా కూర్చున్నాడు. చేతికందిన నూలు పోగును ముడివేశాడు. తర్వాత నా వైపు తిరిగి పెదవులు కదిపాడు. ఆయన ఎవరితోనూ బయట అనలేని మాటలవి. మగ్గాల మధ్య అయితే చెప్పవచ్చు. ఎవరికీ వినపడదు, చూసేవాళ్లకు తప్ప.

"నాకు అక్షరాలు నిలవడయి రుతూ. ఉరుకుతయి. ఒకటి ఇంకోదాని మీద పడ్తది. అయిదో తరగతిల పంతులు మొద్దు అన్నడు. పొయ్యి మగ్గం మీద కూసున్న. మగ్గం మొద్దు అనలె. గుమాస్తాను నేనే ఎల్లగొట్టిన. నాకు సదువు రాదని పసిగట్టిండు, గిరాకీల ముంగట నవ్విండు. నువ్వయితే నవ్వవు. గందుకే రమ్మన్న."

కళ్లజోడు! ఆయన కళ్లజోడు ఎప్పుడైనా పెట్టుకోగా చూశానా? అమ్మకు, నాయనమ్మకు, మేకకు, అందరికీ రోగాలు కనిపెట్టాను. గోడ అవతలి మనిషిని చూడలేదు.

ఆయన చెప్పినదానికి నా దగ్గర ఒక పేరు ఉంది. పొడుగు పేరు. పరీక్షలో పది మార్కులకు రాశాను. చేయాల్సినవీ తెలుసు, ఒకటి నుంచి వరసగా. అన్నీ నాలుక చివర్లో నిలబడ్డాయి.

చెప్పలేదు.

"ఊఁ" అన్నాను. వినపడదు. పెదవులు చూశాడు.

చివరికి మగ్గం మీది కొత్త టవలు అంచుతో మొహం తుడుచుకున్నాడు. "ఎన్నడు నీ ఇంటర్వ్యూ?"

చేతివేళ్లతో చూపించాను.

"మళ్ల ఆపాల్నా?"

అడ్డంగా తల ఊపాను. నడవనీ.

జూలై 8, మంగళవారం

మగ్గాలు నడుస్తూనే ఉన్నాయి.

"ఏమిటా చప్పుడు?" మేడమ్ అడిగారు. జలుబు తగ్గింది. (తులసి!)

"మా ఇల్లు, మేడమ్."

సారు పాత ప్రశ్నే అడిగారు. "ఊఁ కొట్టడం" అన్నాను. నాయనమ్మ వాడుతుందా అని ఈసారి అడగలేదు.

మేడమ్ మళ్లీ మాట్లాడని పిల్ల అయ్యారు. నేను పక్కన కూర్చున్నాను. గోడ అవతల మగ్గాలు కొట్టుకుంటున్నాయి, నాకు హాయిగా ఉంది. ఆమె పెదవులే చూస్తూ కూర్చున్నాను. నల్లా కారుతోందో లేదో తెలియదు. ఎంతసేపయిందో తెలియదు. చివరికి ఆ పిల్లే మాట్లాడింది. "రేపు కూడా వస్తావా?" అని.

"ఊఁ."

జూలై 15, మంగళవారం

జాబితా వచ్చింది, మరాఠీలో. ఫోను పట్టుకుని కార్ఖానాకు పరుగెత్తాను. పెద్దబాపు గేటు బయటికి వచ్చి ఫోను నా చేతిలోంచి తీసుకున్నాడు.

"ఆగు. నేను సదువుత."

అక్షరాలు పెద్దవి చేశాడు. వేలు పెట్టాడు. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాడు. ఆ అక్షరమే అంత, దాన్ని చూస్తే బడి పిల్లలకే చెమట పడుతుంది. నా పేరు నాకే అంత పొడుగ్గా ఎప్పుడూ అనిపించలేదు. అందించాలని నాలుక ఎగిరెగిరి పడింది. పళ్లతో పట్టుకున్నాను. ఆయన వెనక్కి వెళ్లాడు. మళ్లీ మొదలుపెట్టాడు. "రు... తు..." ఆగాడు. నా వైపు చూశాడు. నేను అక్షరం ఇవ్వలేదు.

"ఊఁ," అన్నాను.

"...జా. రుతుజా! నువ్వేనే!" ఆ అరుపుకు శుభమ్ మగ్గాలు ఆపేశాడు. వెంటనే గంగుబాయి పెద్దమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఎవరూ పోలేదు పెద్దమ్మా!" అని వాడంతా ఒకేసారి అరిచింది.

జిలేబీ వచ్చింది. ఆ తర్వాతి సంగతి ఒప్పుకుంటున్నాను. గంగుబాయి పెద్దమ్మకు మేకల పెంపకం, శుభమ్‌కు ప్రాజక్త, జిలేబీ మనిషికి పాకం, అందరికీ చెప్పాను. ప్రవాహంలా వచ్చాయి. పూనకం అనాలేమో.

చీకటి పడుతుండగా పెద్దబాపు పిలిచాడు. "రేపటి నుంచి పొద్దుగాల దుకాణం తెరవకముందు నువ్వు వచ్చి కూసోవాలె. నేను బిల్లులు సదువుత. నువ్వు నోరు తెరిచినవో, సూడు మరి!"

కాబట్టి, ఇదిగో, కొత్త పేజీ.

తీర్మానం: ఎవరికీ సలహా ఇవ్వను. వింటాను. రేపటి నుంచి.

కాదు, ఈ క్షణం నుంచే. వాకిట్లోంచి నాయనమ్మ పిలుస్తోంది. మోకాళ్లు మళ్లీ గుంజుతున్నాయట. మెంతులు నానబెట్టి, పరగడుపున...

ఊఁ, నాయనమ్మా. ఊఁ.